"పర్వాలేదమ్మా" అంటే కౌన్సిల్ నిజమే అనుకుంటుంది: ఇంగ్లండ్‌లో కేర్ అసెస్‌మెంట్ కథ

మా పెద్దమ్మకి 79 ఏళ్లు. ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక చిన్న టౌన్‌లో ఒక్కతే ఉంటుంది. పెదనాన్న 70లలో ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో డాక్టర్‌గా చేరడానికి తెనాలి నుంచి వచ్చారు, ఇక్కడే రిటైరయ్యారు, ఆరేళ్ల కిందట ఇక్కడే పోయారు. అన్నయ్య అమెరికాలో. నేను కారులో గంట దూరం. ఆవిడకి మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, వేళ్లకి కీళ్లవాతం, షుగర్ సరేసరి. పోయినేడాది బాత్రూంలో జారిపడ్డాక, దేవుడి దయ వల్ల ఎముక విరగలేదు గానీ, ఇక లాభం లేదని కౌన్సిల్‌కి, అంటే ఇక్కడి స్థానిక ప్రభుత్వానికి, ఫోన్ చేసి కేర్ అసెస్‌మెంట్ అడిగాం, రోజువారీ పనుల్లో ఎంత సాయం కావాలో వాళ్లొచ్చి చూసి తేల్చడం అన్నమాట.

కౌన్సిల్ నుంచి వచ్చే అమ్మాయి పదకొండింటికి వస్తానంది. పెద్దమ్మ ఎనిమిదింటికే పక్కింటి పంజాబీ ఆవిడని పిలిపించుకుని జాకెట్టు హుక్కులు పెట్టించుకుంది. ఆ వేళ్లతో హుక్కులు పెట్టుకోలేక అప్పటికి నాలుగు నెలలుగా నైటీల్లోనే గడిపేస్తోంది, కానీ ఇంటికి ఎవరో వస్తుంటే నైటీలో కూర్చుంటామా? నేను వెళ్లేసరికి వెంకటగిరి చీర, బొట్టు, తలలో రెండు పిన్నులు, అచ్చం పెళ్లిచూపులకి కూర్చున్నట్టు సోఫాలో ఉంది. ఆ అమ్మాయి రాగానే "టీ తాగుతావా" అంటూ లేచింది. నేను పెడతానంటే కళ్లతోనే కసిరింది. కెటిల్‌లో నీళ్లు ముందే నేను పోసిపెట్టాను, అదీ సగమే, నిండు కెటిల్ ఆవిడ ఎత్తలేదు. కప్పులు, టీ బ్యాగులు గట్టు మీదే ఉన్నాయి. ఒక చేత్తో గట్టు పట్టుకుని నిలబడి, స్విచ్ నొక్కి, రెండు చేతులతో వంపి, కప్పు తెచ్చిచ్చింది. వంట చేసుకుంటారా అని అడిగితే "ఏదో ఒకటి చేసుకుంటా". స్నానం? "పర్వాలేదు, చేస్తా". బయటికి వెళ్తారా? "ఈ మధ్య వెళ్లాలనిపించట్లేదు".

నాలుగు వారాల తర్వాత ఉత్తరం. వేడి పానీయాలు సొంతంగా తయారుచేసుకోగలరు, శుభ్రంగా, చక్కగా దుస్తులు ధరించారు, కుటుంబ సభ్యులు భోజనం సమకూరుస్తున్నారు, కాబట్టి అర్హత లేదు.

నాకు ఆ అమ్మాయి మీద కోపం రాలేదనను, వచ్చింది. కానీ ఆ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. తను చూసిందే రాసింది. మేం చూపించిందే చూసింది. ఆ తర్వాత రెండు నెలలు దీనికి సంబంధించిన చట్టం, దాని కింద నియమాలు, ప్రభుత్వం ఇచ్చిన గైడెన్స్ కూర్చుని చదివితే నాకు అర్థమైంది ఒక్కటే: ఈ అసెస్‌మెంట్‌లో మీకు ఏం జబ్బు అన్నది దాదాపు ఎవరికీ పట్టదు, ఏ పని ఆగిపోయింది అన్నదే లెక్క. మనమేమో సరిగ్గా తిరగేసి చేస్తాం. జబ్బుల జాబితా గడగడా అప్పజెప్తాం, మందుల డబ్బా తెచ్చి టీపాయ్ మీద బోర్లిస్తాం, ఆగిపోయిన పనుల గురించి మాత్రం సిగ్గుపడి దాచేస్తాం.

ఇంగ్లండ్‌లో దీనికి మూలం 2014 నాటి కేర్ యాక్ట్. అమల్లోకి వచ్చింది 2015 ఏప్రిల్ 1న. అంతకుముందు ఎవరికి సాయం ఇవ్వాలన్న గీత ఏ కౌన్సిల్‌కి ఆ కౌన్సిల్ గీసుకునేది, రోడ్డుకి ఇటుపక్క వాళ్లకి వచ్చింది అటుపక్క వాళ్లకి రాకపోవచ్చు. ఇప్పుడు ఇంగ్లండ్ అంతటికీ ఒకటే కనీస కొలత. ఆ చట్టంలో తొమ్మిదో సెక్షన్ మనకి ముఖ్యం. ఒక మనిషికి సాయం అవసరం ఉండొచ్చు అని కనిపిస్తే చాలు, కౌన్సిల్ అసెస్‌మెంట్ చేసి తీరాలి. అవసరం పెద్దదా చిన్నదా అనీ, ఆ మనిషి దగ్గర డబ్బెంత ఉంది అనీ చూడకుండా చేయాలి. ఇది ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, కౌన్సిల్ నంబర్‌కి ఫోన్ చేస్తే అవతలి వాళ్లు చాలాసార్లు రెండో ప్రశ్నగానే "సేవింగ్స్ 23,250 పౌండ్లు దాటి ఉన్నాయా" అని అడుగుతారు, ఉన్నాయంటే "అయితే మీరే ప్రైవేటుగా ఏర్పాటు చేసుకోవాలి, ఏజెన్సీల లిస్ట్ పంపిస్తాం" అని మర్యాదగా పెట్టేస్తారు. అది తప్పు. డబ్బు లెక్క అసెస్‌మెంట్ అయ్యాక వచ్చే వేరే మెట్టు. "కేర్ యాక్ట్ కింద నీడ్స్ అసెస్‌మెంట్ అడుగుతున్నాను" అని ఆ మాటలే వాడండి, ఎవరితో మాట్లాడారో పేరూ తేదీ రాసిపెట్టుకోండి, కుదిరితే అదే రోజు ఈమెయిల్ కూడా పడేయండి.

ఎన్ని రోజుల్లో చేయాలి అన్నదానికి చట్టంలో అంకె లేదు, "సహేతుకమైన సమయం" అని వదిలేశారు, అందుకే వారాలు నెలలవుతాయి. ఆగే పరిస్థితి లేకపోతే, అంటే హాస్పిటల్ నుంచి రేపు ఇంటికి పంపేస్తున్నారు, మంచం దిగలేరు, అలాంటప్పుడు అసెస్‌మెంట్ పూర్తి కాకముందే తాత్కాలికంగా సాయం పెట్టే అధికారం కౌన్సిల్‌కి ఉంది. అడక్కపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఇక అసలు కొలత. మూడు ప్రశ్నలు. మొదటిది, మీ ఇబ్బంది శరీరంలోనో మనసులోనో ఉన్న లోపం వల్లో, జబ్బు వల్లో వచ్చిందా? పేరున్న రోగమే ఉండాలని లేదు. రెండోది, దానివల్ల ఒక జాబితాలో ఉన్న పది విషయాల్లో కనీసం రెండు మీరు సాధించలేకపోతున్నారా? మూడోది, అందువల్ల మీ జీవితం మీద గట్టి ప్రభావం పడుతోందా? మూడింటికీ అవునంటే అర్హత ఉన్నట్టే.

ఆ పది ఏంటంటే, తిండి (వండుకోవడం, తినడం రెండూ), ఒంటి శుభ్రం (బట్టలు శుభ్రంగా ఉంచుకోవడం కూడా ఇందులోదే), టాయిలెట్, తగిన బట్టలు వేసుకోవడం, ఇంట్లో ప్రమాదం లేకుండా తిరగడం, ఇల్లు ఉండదగ్గట్టుగా ఉంచుకోవడం, ఇవన్నీ ఎవరైనా ఊహించేవే. తర్వాతవే మనవాళ్లు అసలు నోరెత్తనివి: కుటుంబంతో, స్నేహితులతో సంబంధాలు నిలుపుకోవడం, ఉద్యోగమో చదువో వాలంటీర్ పనో చేసుకోవడం, ఊళ్లో బస్సు, దుకాణం, లైబ్రరీ, ఆటపాటలు లాంటివి వాడుకోవడం, పిల్లల బాధ్యత ఉంటే అది చూసుకోవడం. పెద్దమ్మ "వెళ్లాలనిపించట్లేదు" అన్నది చూశారా, అది ఈ జాబితాలో రెండు గళ్లకి సంబంధించిన జవాబు. ఇరవై ఏళ్లుగా ప్రతి శనివారం గుడికి వెళ్లే మనిషి మానేసింది బస్సు మెట్టు ఎక్కలేక, గుడి దగ్గర టాయిలెట్‌కి వెళ్లాల్సొస్తే లేచి నిలబడలేనేమోనన్న భయంతో. ఆవిడ చెప్పింది మాత్రం మనసు లేదని. అసెస్‌మెంట్‌కి వచ్చిన అమ్మాయి అది ఇష్టాయిష్టాల సంగతి అనుకుని వదిలేసింది, తన తప్పేముంది.

సాధించలేకపోవడం అంటే ఏంటో నియమాల్లో రాసిన తీరు నాకు భలే నచ్చింది. పని అసలు చేయలేకపోతేనే అని కాదు. ఎవరైనా సాయం చేస్తే గానీ చేయలేకపోయినా చేయలేనట్టే. సొంతంగా చేసుకున్నా బాగా నొప్పి, బాధ, ఆందోళన కలిగితే చేయలేనట్టే. చేసుకున్నా దానివల్ల తమకో ఇంకొకరికో ప్రమాదం ఉంటే చేయలేనట్టే. మామూలుగా పట్టేదానికంటే చాలా ఎక్కువసేపు పట్టినా సరే, చేయలేనట్టే. ఈ నాలుగూ పక్కన పెట్టుకుని పెద్దమ్మ స్నానాన్ని చూడండి. టబ్ అంచు ఎత్తుగా ఉంటుంది, దాని మీంచి కాలు వేయడానికి తువ్వాలు తగిలించే కడ్డీ పట్టుకుంటుంది, ఆ కడ్డీ గోడలోంచి ఒకవైపు ఊడొచ్చేసింది. వారానికి రెండుసార్లే చేస్తుంది, చేసిన రోజు మధ్యాహ్నం దాకా పడుకునే ఉంటుంది. మొత్తం యాభై నిమిషాలు. "స్నానం చేస్తారా" అంటే చేస్తుంది, నిజమే. కానీ నియమాల లెక్కలో అది చేయలేకపోవడమే.

అందుకే అవునా కాదా అన్న ప్రశ్నకి అవును కాదు అని జవాబివ్వకండి. ఎలా చేస్తారో చెప్పండి, ఎంతసేపు, ఏది పట్టుకుని, ఆ తర్వాత ఎలా ఉంటుంది, పోయినసారి ఎప్పుడు చేశారు. మంచి రోజు గురించి కాదు, చెడ్డ రోజులు ఎలా ఉంటాయి, నెలలో ఎన్ని ఉంటాయి. జబ్బు హెచ్చుతగ్గులుగా ఉంటే కొంతకాలం మొత్తాన్ని చూడాలి తప్ప ఆ రోజు కనిపించినదాన్ని బట్టి తేల్చకూడదని కూడా నియమాల్లో ఉంది.

మేం రెండోసారి అడిగేముందు పది రోజులు డైరీ రాశాం. పెద్ద విషయమేం కాదు, వంటింట్లో ఫ్రిజ్ పక్కన ఒక నోట్‌బుక్. ఒక రోజుది చూపిస్తా. "మంగళవారం. 6:40కి మెలకువ. మంచం దిగేసరికి 7:05. టాయిలెట్ సీటు మీంచి లేవడానికి మూడుసార్లు ప్రయత్నం, సింక్ పట్టుకుని లేచింది. టిఫిన్: కార్న్‌ఫ్లేక్స్, పాల డబ్బా మూత పంటితో తీసింది. ఇన్సులిన్ తీసుకుంది, పదకొండుకి గానీ మళ్లీ ఏం తినలేదు. మధ్యాహ్నం అన్నం పెట్టుకోలేదు, కుక్కర్ మూత రాలేదు, రెండు బ్రెడ్ ముక్కలు, ఆవకాయ. సాయంత్రం చలిగా ఉన్నా స్వెట్టర్ వేసుకోలేదు, చేయి వెనక్కి వెళ్లట్లేదు." ఇన్సులిన్ తీసుకునే మనిషి కుక్కర్ మూత రాక అన్నం మానేయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. నేను ఆ నోట్‌బుక్ చదివేదాకా నాకే ఆ సంగతి తెలీదు, ప్రతి ఆదివారం వెళ్తాను అయినా తెలీదు, ఎందుకంటే ఆదివారం కుక్కర్ పెట్టేది నేనే.

దీన్నుంచే ఇంకో పెద్ద చిక్కు. నేను ఆదివారం ఆరు డబ్బాల కూరలు చేసి ఫ్రీజర్‌లో పెట్టి వస్తాను. మొదటి ఉత్తరంలో "కుటుంబం భోజనం సమకూరుస్తోంది" అన్నది అదే. కానీ గైడెన్స్ ప్రకారం అసెస్‌మెంట్‌లో అవసరాన్ని కొలిచేటప్పుడు ఇంట్లోవాళ్లు చేసే సాయం లేనట్టే భావించి కొలవాలి. మొత్తం అవసరం ఎంతో ముందు రాయాలి, ఆ తర్వాత ఏం సాయం ఇవ్వాలని ప్లాన్ వేసేటప్పుడు ఇందులో ఇంట్లోవాళ్లు చేస్తున్నది ఎంత, చేయడానికి వాళ్లకి ఇష్టమేనా, చేయగలరా అని అడగాలి. ఇష్టమూ ఉండాలి, శక్తీ ఉండాలి. రేపు నాకు జ్వరమొస్తేనో ఉద్యోగం మారితేనో పెద్దమ్మ అవసరం కొత్తగా పుట్టదు కదా, అది ముందునుంచీ ఉన్నదే.

మనవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. "మా అమ్మని మేం చూసుకుంటాం" అని ప్రశ్న పూర్తికాకముందే అనేస్తాం, లేదంటే ఆ ఇంగ్లిష్ వాళ్ల ముందు పరువు పోయినట్టు. ఇండియాలో 2007 చట్టం ప్రకారం తల్లిదండ్రుల్ని పోషించే బాధ్యత పిల్లలదే, ట్రిబ్యునల్‌కి వెళ్తే నెల నెలా ఇంత ఇవ్వమని ఆర్డర్ వేస్తారు, మన బుర్రల్లో ఉన్నది ఆ లెక్క. ఇంగ్లండ్‌లో 1948లో పాత పూర్ లా (పేదల చట్టం) ఎత్తేసినప్పుడే ఎదిగిన పిల్లలు తల్లిదండ్రుల్ని పోషించాలన్న చట్టబాధ్యత పోయింది. ప్రేమ ఉంటే చేస్తాం, అది వేరు. కౌన్సిల్ మాత్రం కొడుకు జీతం ఎంత, కూతురు ఇల్లు ఎంత అని అడగడానికి లేదు, మీరు వారానికి ఎన్ని గంటలు చేస్తారో మీరే చెప్పాలి, ఆపైన చేయలేను అంటే చేయలేను అంతే.

చూసుకునేవాళ్లకి విడిగా ఒక అసెస్‌మెంట్ ఉంది, కేరర్స్ అసెస్‌మెంట్ అంటారు, పదో సెక్షన్. ఒకే ఇంట్లో ఉండాలని లేదు, వారానికి ఇన్ని గంటలు చేయాలని లేదు. నేను "నేను కేరర్‌ని ఏంటి, కూతురు లాంటిదాన్ని" అని చాలా రోజులు అడగలేదు. అలా అనుకునేవాళ్లు కోకొల్లలు.

భాష సంగతి కూడా చెప్పాలి. పెద్దమ్మకి ఇంగ్లిష్ బాగానే వచ్చు, కానీ నా ఫ్రెండ్ వాళ్ల అమ్మకి రాదు. ఇంటర్‌ప్రెటర్ కావాలని అడిగితే ఫోన్‌లో హిందీ ఆయన్ని కలిపారు. ఆంటీకి వచ్చిన హిందీ అంతా సీరియళ్ల హిందీ, అన్నిటికీ "ఠీక్ హై" అంది. అసెస్‌మెంట్ పాతిక నిమిషాల్లో అయిపోయింది! తెలుగు ఇంటర్‌ప్రెటర్ అని ముందే రాసి అడగండి, ఏర్పాటు చేయకపోతే తేదీ మార్చమనండి. కొడుకో కోడలో అనువాదం చేస్తే పని తొందరగా అయిపోతుంది నిజమే, కానీ కోడలి ముందు టాయిలెట్ సంగతి ఏ అత్తగారు చెప్తుంది? విషయం అర్థం చేసుకోవడం, గుర్తుపెట్టుకోవడం, చెప్పుకోవడం చాలా కష్టమైన మనిషికి, డిమెన్షియా ఉన్నవాళ్లు ఉదాహరణకి, పక్కన ఉండి మాట్లాడే సొంత మనిషి ఎవరూ లేకపోతే ఇండిపెండెంట్ అడ్వకేట్‌ని (లాయర్ కాదు, వాళ్ల తరఫున మాట్లాడే మనిషి) పెట్టాల్సిన బాధ్యత కౌన్సిల్‌ది.

రెండోసారి మేం పెద్దగా ఏం చేయలేదు. ఉత్తరంలో కాదన్నందుకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఇచ్చారు. ఒక్కో కారణం ఎదురుగా డైరీలోంచి రెండు లైన్లు పెట్టి, నియమాల్లో చేయలేకపోవడం అంటే ఇదీ అని గుర్తుచేస్తూ ఒకటిన్నర పేజీ రాసి పంపాం. వాదించడానికి ప్రత్యేకంగా ట్రిబ్యునల్ లేదు, కౌన్సిల్‌కే కంప్లయింట్ పెట్టాలి, అక్కడ తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, సాధారణంగా విషయం తెలిసిన ఏడాదిలోపు. మా విషయం అంతదూరం పోలేదు. ఈసారి ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని, అంటే రోజువారీ పనులు ఎలా చేసుకుంటున్నారో చూసే నిపుణురాలిని, పంపించారు. ఆవిడ ప్రశ్నలు అడగలేదు, "చేసి చూపించండి" అంది. మంచం మీంచి లేచి చూపించండి, ఈ సీసా మూత తీయండి, టబ్‌లోకి ఎలా దిగుతారో చూపించండి, బట్టలతోనే. పెద్దమ్మ కాలెత్తి టబ్ అంచు మీద పెట్టి, కడ్డీ పట్టుకోబోతే ఆవిడ గబుక్కున వచ్చి చేయి పట్టుకుని "చాలు, చాలు" అంది. అక్కడితో సగం రిపోర్టు అయిపోయింది. అంటే అనకూడదు గానీ, ఇంట్లో నాలుగు పనులు చేయించి చూడాల్సిన విషయాన్ని సోఫాలో కూర్చోబెట్టి అడిగితే ఏం తెలుస్తుంది? కొన్ని చోట్ల మొత్తం ఫోన్‌లోనే కానిచ్చేస్తున్నారు, మీ పరిస్థితికి అది సరిపోదనిపిస్తే ఇంటికి వచ్చి చూడమని అడగండి.

కౌన్సిల్ నుంచి మొదట వచ్చినవి వస్తువులు. టాయిలెట్ సీటు ఎత్తు పెంచేది, గోడకి కడ్డీలు, టబ్ మీద అడ్డంగా వేసే బోర్డు, కూర్చుని కూరలు తరుక్కోవడానికి ఎత్తు స్టూల్, కెటిల్‌ని ఎత్తకుండా స్టాండ్‌లోనే పెట్టి వంచేది. ఇలాంటి పరికరాలకీ, వెయ్యి పౌండ్ల లోపు ఖర్చయ్యే చిన్న మార్పులకీ కౌన్సిల్ డబ్బులు తీసుకోకూడదు, మీ దగ్గర ఎంత ఉన్నా సరే. టబ్ తీసేసి నేలకి సమంగా షవర్ పెట్టించడం లాంటి పెద్ద పనులకి డిసేబుల్డ్ ఫెసిలిటీస్ గ్రాంట్ ఉంది, ఇంగ్లండ్‌లో 30,000 పౌండ్ల దాకా, దానికి మాత్రం ఆదాయం చూస్తారు. హాస్పిటల్ నుంచి వచ్చాకో, పడిపోయాకో మళ్లీ సొంతంగా చేసుకునేలా తర్ఫీదిచ్చే రీఏబుల్‌మెంట్ ఇస్తే మొదటి ఆరు వారాలు ఉచితం.

ఇప్పుడు డబ్బు. ఇక్కడ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పుకార్లకి లెక్కలేదు. ముందుగా, ఇల్లు లాగేసుకుంటారన్నది. ఇంట్లోనే ఉండి సాయం తీసుకుంటున్నంతకాలం ఆ ఇంటి విలువ లెక్కలోకి రాదు. శాశ్వతంగా కేర్ హోమ్‌కి వెళ్తే వేరే కథ, అప్పుడు కూడా భార్యో భర్తో అందులో ఉంటుంటే లెక్కపెట్టరు. లెక్కపెట్టేది ఆ ఒక్క మనిషి పేర ఉన్న సేవింగ్స్, ఆదాయం. 23,250 పౌండ్లు దాటితే ఖర్చు మొత్తం మీదే, అయినా ఇంటి దగ్గర కేర్ ఏర్పాటు చేసిపెట్టమని కౌన్సిల్‌ని అడగొచ్చు. 14,250 లోపు ఉంటే సేవింగ్స్ పట్టించుకోరు. మధ్యలో ఉంటే ప్రతి 250కి వారానికి ఒక పౌండు ఆదాయం వస్తున్నట్టు లెక్కేస్తారు, అంటే 18,250 ఉన్నాయనుకోండి, 14,250 పైన 4,000, దానికి వారానికి 16 పౌండ్లు. పెన్షన్ లాంటి ఆదాయం పూర్తిగా లాగేయరు, బతకడానికి ప్రతి వారం చేతిలో ఇంత మిగలాలి అని ప్రభుత్వం ఏటా ఒక అంకె పెడుతుంది. జబ్బు వల్ల అయ్యే అదనపు ఖర్చులు, ఎక్కువ హీటింగ్, ఎక్కువ బట్టలు ఉతకడం, గార్డెన్ పని మనిషి, ఇవి రసీదులతో చూపిస్తే ఆదాయంలోంచి తగ్గిస్తారు. రసీదులు దాచండి, మేం మొదటి మూడు నెలలవి పారేశాం.

మనవాళ్లకి అసలు తలనొప్పి ఇండియా ఆస్తులతో. తెనాలిలో స్థలం, విజయవాడ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్, ఇవి "ఇక్కడివి కావు కదా" అని ఫారంలో రాయరు. విదేశంలో ఉన్న ఆస్తి కూడా లెక్కలోకి వస్తుంది. డబ్బు ఇక్కడికి తెచ్చుకునే వీలుంటే దాని విలువ, తెచ్చుకోవడానికి అక్కడి చట్టం ఒప్పుకోకపోతే ఇక్కడ ఎవరైనా కొనడానికి సిద్ధపడితే ఎంతిస్తారో ఆ విలువ. సరే, అయితే రేపే ఊరెళ్లి కొడుకు పేర గిఫ్ట్ డీడ్ రాసేస్తే? కేర్ ఖర్చు తప్పించుకోవడానికే రాశారని కౌన్సిల్‌కి అనిపిస్తే ఆ ఆస్తి ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు లెక్కేస్తారు. "ఏడేళ్లు దాటితే అడగరట" అన్నది వారసత్వ పన్ను లెక్క, కేర్ ఖర్చులకి అలాంటి ఏళ్ల గడువేం లేదు. ఎందుకు రాశారు, రాసే నాటికి కేర్ అవసరమొస్తుందని ఊహించే పరిస్థితి ఉందా అన్నదే చూస్తారు. పదేళ్ల కిందట ఆరోగ్యంగా ఉన్నప్పుడు మనవరాలి పెళ్లికి ఇచ్చినదానికీ, అసెస్‌మెంట్‌కి ఉత్తరం వచ్చాక రాసినదానికీ తేడా ఉంటుంది మరి.

దీనితో కలిపేసి జనం వదిలేసుకునేది అటెండెన్స్ అలవెన్స్. అది కౌన్సిల్‌ది కాదు, బ్రిటన్ ప్రభుత్వానిది. పెన్షన్ వయసు దాటి, ఆర్నెల్లుగా ఒంటికి సంబంధించిన పనుల్లో సాయం అవసరమవుతుంటే చాలు, సేవింగ్స్ లక్షలున్నా వస్తుంది. 2025-26లో వారానికి 73.90 లేదా 110.40 పౌండ్లు. సాయం ఎవరూ చేయకపోయినా, అవసరం ఉంటే చాలు. కౌన్సిల్ అసెస్‌మెంట్‌లో వద్దన్నా దీనికి విడిగా అప్లై చేయొచ్చు. పెద్దమ్మకి అన్నిటికంటే ముందు వచ్చింది ఇదే.

అర్హత తేలాక ఇంత సాయానికి ఇంత డబ్బు అని పర్సనల్ బడ్జెట్ రాస్తారు. కౌన్సిల్ పెట్టిన ఏజెన్సీ మనుషుల్ని తీసుకోవచ్చు, లేదా ఆ డబ్బే మీరు తీసుకుని మీకు నచ్చిన మనిషిని పెట్టుకోవచ్చు, దాన్నే డైరెక్ట్ పేమెంట్ అంటారు. మొదట్లో, 1948 చట్టం ప్రకారం, కౌన్సిల్ నేరుగా డబ్బివ్వడానికే వీలుండేది కాదు. 1979లో హాంప్‌షైర్‌లో ఒక కేర్ హోమ్‌లో ఉండే కొందరు వికలాంగులు, మా మీద ఇక్కడ పెట్టే ఖర్చే మాకిస్తే బయట సొంత ఇళ్లలో ఉంటాం, ఎవరు ఏ టైముకి వచ్చి లేపాలో మేమే చెప్పుకుంటాం అని మొదలుపెట్టారు, ఆ ప్రయత్నానికి ప్రాజెక్ట్ 81 అని పేరు పెట్టుకున్నారు. చట్టం మారడానికి 1996 దాకా పట్టింది, 65 దాటినవాళ్లకి 2000 దాకా అందనే లేదు. ఇంట్లోనే ఉండి బతకడమంటే రోజూ ఏ మనిషి మన ఒంటి మీద చేయి వేస్తుందో మనకి తెలిసి ఉండటం అని వాళ్లు చెప్పకపోతే, ఇవాళ పెద్దమ్మకి ఆ మాట అడిగే హక్కే ఉండేది కాదు.

డైరెక్ట్ పేమెంట్ తీసుకుంటే మీరు యజమాని అవుతారు, జీతం స్లిప్పులు, సెలవులు, ఇన్సూరెన్స్ చూసుకోవాలి, చాలా కౌన్సిళ్లు దానికి సాయపడే సంస్థ నంబర్ ఇస్తాయి. ఒకే ఇంట్లో ఉండే దగ్గరి బంధువుకి ఆ డబ్బుతో జీతం ఇవ్వడం మామూలుగా కుదరదు, కౌన్సిల్ తప్పనిసరని ఒప్పుకుంటే తప్ప. వేరే ఇంట్లో ఉండే బంధువుకి ఇవ్వొచ్చు. నన్ను పెట్టుకోమని అన్నయ్య అన్నాడు, పెద్దమ్మ ఒప్పుకోలేదు. "నువ్వు వస్తే నా కూతురు వచ్చినట్టుండాలి గానీ డ్యూటీకి వచ్చినట్టుండకూడదు" అంది.

వీసా మీద తల్లిదండ్రుల్ని తెచ్చుకున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. పబ్లిక్ ఫండ్స్ (కొన్ని ప్రభుత్వ భత్యాలు) వాడకూడదు అన్న షరతు కింద వచ్చే జాబితాలో అటెండెన్స్ అలవెన్స్ ఉంది, ఆ షరతు ఉన్నవాళ్లు దానికి అప్లై చేయకూడదు. కౌన్సిల్ ఇచ్చే సోషల్ కేర్ ఆ జాబితాలో లేదు. అలాగని డిపెండెంట్ రెలెటివ్ వీసాలో ఐదేళ్లు మేమే పోషిస్తాం, మేమే చూసుకుంటాం అని సంతకం పెట్టిన సంగతి మాసిపోదు, కాబట్టి ఫోన్ చేసేముందు ఇమిగ్రేషన్ సొలిసిటర్‌తో ఒకసారి మాట్లాడటం మంచిది. ఇంకోటి, అవసరం ప్రధానంగా వైద్యపరమైనదైతే, జబ్బు తీవ్రంగా, క్లిష్టంగా ఉంటే, ఎన్‌హెచ్‌ఎస్ కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్ అని ఉంది, అందులో ఆదాయం చూడరు, ఖర్చు మొత్తం ఎన్‌హెచ్‌ఎస్‌దే, దొరకడం మాత్రం గగనం. నేను చెప్పిందంతా ఇంగ్లండ్ సంగతి. స్కాట్లండ్‌లో 65 దాటినవాళ్లకి ఒంటి పనుల సాయం 2002 నుంచీ ఉచితం, 2019 నుంచి అన్ని వయసుల పెద్దవాళ్లకీ. వేల్స్‌కి వేరే చట్టం, ఇంటి దగ్గర కేర్‌కి వారానికి వసూలు చేసేదానికి పైన ఒక పరిమితి ఉంది.

పెద్దమ్మకి ఇప్పుడు పొద్దున గంట, సాయంత్రం అరగంట ఒకావిడ వస్తుంది. హుక్కులు పెట్టడం నేర్చుకుంది. మొదటి వారం జాకెట్టు వెనక్కి ముందుకీ తిప్పి తొడిగిందట. శనివారం గంటన్నర ఎక్కువ ఉంటుంది, గుడికి తీసుకెళ్లడానికి. అన్నం మాత్రం పెద్దమ్మకి నచ్చేలా రావట్లేదు, పలుకు పలుకుగా ఉంటోందని ఫోన్ చేసినప్పుడల్లా ఫిర్యాదే.

ఏడాదికోసారైనా ప్లాన్‌ని రివ్యూ చేయాలి, ఈలోపు పరిస్థితి మారితే మనమే అడగొచ్చు. రివ్యూ అంటే గంటలు తగ్గించడానికి వస్తున్నారేమోనని భయపడతారు, కొత్తగా అవసరం చూడకుండా ఊరికే తగ్గించడానికి వీల్లేదు. మాది వచ్చే నెల. డైరీ మళ్లీ మొదలుపెట్టాలే అంటే ఈసారి తనే రాస్తానంటోంది పెద్దమ్మ. ఆ వేళ్లతో ఎలా రాస్తావు అంటే, ఫోన్‌లో తెలుగులో చెప్తే అదే రాసుకుంటుందట, మొన్న గుళ్లో ఎవరో నేర్పారట. నిన్న మొదటి ఎంట్రీ పంపింది. సగం అన్నం గురించే.